చక్కర్‌ను తెలుగులో ఏమంటారు?

మా ఇళ్లల్లో ఒంట్లో ఏం తేడా వచ్చినా ముందు నోట్లోంచి వచ్చే మాట ‘చక్కర్’. ఎండలో బజారుకెళ్లొచ్చి కూలబడితే చక్కర్. రోజా ఉన్నప్పుడు అసర్ తర్వాత కళ్ల ముందు నల్లబడితే చక్కర్. బీపీ పెరిగినా చక్కరే, తగ్గినా చక్కరే. ఘాట్ రోడ్డులో బస్సు పడనివాళ్లకు వచ్చేదీ అదే. ఆఖరికి షాదీఖానా వాడు చెప్పిన కిరాయి విన్నా ‘చక్కర్ ఆగయా’ అంటాం.

పదో తరగతి దాకా ఉర్దూ మీడియం చదివాను. డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. ఇరవై ఏళ్లుగా తెలుగు పేపర్ డెస్కులో కూర్చుని ఇతరుల వాక్యాలు దిద్దుతూ బతుకుతున్నాను. ఒక మాటకు ఇంకో మాట వెతకడమే నా రోజీ రోటీ. అలాంటిది నా తలలో ఏం జరుగుతోందో డాక్టర్‌కు చెప్పడానికి సరైన మాట దొరకడానికి నాకు మూడు నెలలు పట్టింది. అది దొరికించింది పెద్ద హాస్పిటల్ కాదు, సూదులు గుచ్చే ఒక డాక్టరమ్మ. ఆ సంగతే రాస్తున్నాను. మన ఖాందాన్‌లలో చక్కర్‌తో బాధపడే అమ్మీలు, అబ్బాలు చాలామంది ఉన్నారు. ఎవరికైనా పనికొస్తుందని.

రెండేళ్ల కిందట చలికాలంలో, రాత్రి డ్యూటీ ముగించుకుని బండి మీద ఇంటికి వస్తున్నాను. టైం ఒంటిగంటన్నర దాటింది. అత్తాపూర్ వైపు ఫ్లైఓవర్ పిల్లర్ల కింద ఒక కుక్క అడ్డమొచ్చింది. బ్రేకు వేయడం వరకు గుర్తుంది. తర్వాత గుర్తున్నది, ఎవరో కుర్రాళ్లు నన్ను ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టి ‘భాయ్, నామ్ బోలో, ఘర్ కా నంబర్ బోలో’ అని అడగడం. మధ్యలో కొన్ని నిమిషాలు ఇప్పటికీ ఖాళీయే. హెల్మెట్ కుడివైపు ఖర్బూజాలా పగిలింది. ఆ పగులు నా పుర్రెకు రావాల్సింది. అల్‌హమ్దులిల్లాహ్, దానితోనే ఆగిపోయింది.

సీటీ స్కాన్ తీశారు. లోపల రక్తస్రావం లేదు, ఎముక విరగలేదు. ఒక రోజు ఉంచుకుని పంపేశారు. ఇంటి నిండా చుట్టాలు. బేగమ్ రెండు రకాత్‌లు షుక్రానా చదివింది. కిస్సా ఖతమ్ అనుకున్నాం.

మూడో రోజు ఫజర్‌కు లేద్దామని మంచం మీద కుడిపక్కకు తిరిగాను. అంతే. గది మొత్తం ఒక్కసారిగా గిర్రున తిరిగింది. చలికాలం కదా, ఫ్యాన్ ఆపే ఉంది. కానీ నా కళ్లకు ఫ్యాన్‌తో పాటు పైకప్పు కూడా తిరుగుతోంది. మంచం పట్టీని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను, ఎక్కడికో విసిరేస్తారేమో అన్నట్టు. అర నిమిషంలో తగ్గింది. తర్వాత వాంతి. ఆ రోజంతా కడుపులో తిప్పుడు.

అప్పటి నుంచి అదే వరస. మంచంలో కుడివైపు తిరిగితే వస్తుంది. పై అరలో డబ్బా కోసం తల పైకెత్తితే వస్తుంది. బార్బర్ షాపులో తల వెనక్కి వాల్చితే వస్తుంది. అన్నిటికన్నా నన్ను కుంగదీసింది సజ్దా. నుదురు జానమాజ్‌కు తాకేలోపే నేల ఒక పక్కకు జారిపోయేది. తలెత్తితే ఇంకోసారి. చివర సలామ్‌కు కుడివైపు తల తిప్పేటప్పుడు గోడ కదిలేది. షరీఅత్‌లో బీమార్‌కు రుఖ్సత్ ఉంది, కూర్చుని చదవొచ్చు, పడుకుని చదవొచ్చు. మాకు మక్తబ్‌లో చిన్నప్పుడే చెప్పారు. తెలుసు. కానీ తెలియడం వేరు, 44 ఏళ్ల వయసులో జుమా రోజు మస్జిద్‌లో వెనక సఫ్‌లో ముసలివాళ్ల మధ్య కుర్సీ వేసుకుని కూర్చోవడం వేరు. తెలిసినవాళ్లు వచ్చి ‘క్యా హువా మియాఁ, ఘుట్నే?’ అని అడుగుతారు. మోకాళ్లు కాదు, తల అని చెప్పడానికి మనసొప్పేది కాదు. తల అంటే మనుషులు ఇంకోలా చూస్తారు.

డెస్కులో కూడా కష్టమే. స్క్రీన్ మీద కాపీ పైకీ కిందికీ జరుపుతుంటే అక్షరాలు ఈదేవి. సెలవులు అయిపోయాయి, జీతం కోత మొదలైంది. మా చిన్న బిడ్డకు ఏడేళ్లు. నా బండి ముందు కూర్చుని స్కూల్‌కు వెళ్లేది. ఇప్పుడు ఆటోలో పోతోంది. ఒక రోజు అడిగింది, ‘అబ్బూ, ఆప్ కభీ నై చలాతే క్యా అబ్?’ అని. ఏం చెప్పను?

ఒక పెద్ద హాస్పిటల్‌కు వెళ్లాను. అరగంట లైన్, రెండు నిమిషాల డాక్టర్. ‘ప్రాబ్లం ఏంటి?’ అన్నారు. ‘చక్కర్ వస్తోంది సార్’ అన్నాను. ‘దెబ్బ తగిలాక అలాగే ఉంటుంది, టైం పడుతుంది’ అని మూడు రకాల మాత్రలు రాశారు. వేసుకుంటే నిద్ర ముంచుకొచ్చేది. చక్కర్ మాత్రం అలాగే ఉంది. మళ్లీ వెళ్తే ఎంఆర్ఐ రాశారు. అదీ నార్మల్. ‘నార్మల్ ఉంటే మంచిదే కదా’ అన్నారు. మంచిదే. కానీ నార్మల్ మనిషి మంచం పట్టీ పట్టుకుని ఎందుకు పడుకుంటాడు? ఇన్నిసార్లలో ఒక్కసారి కూడా నన్ను బల్ల మీద పడుకోబెట్టి చూడలేదు.

ఇంట్లో ఎవరి ఇలాజ్ వారిది. అమ్మీ కోడిగుడ్డు తెచ్చి నా తల చుట్టూ ఏడుసార్లు తిప్పి నజర్ ఉతారా చేసింది. సద్ఖా ఇచ్చింది. దమ్ చేసిన పానీ బాటిల్ నా తలగడ పక్కన ఎప్పుడూ ఉండేది. మా దుల్హేభాయ్ హిజామా అంటారు దేనికైనా. ‘తల మీద రెండు కప్పులు పెట్టిస్తే గందా ఖూన్ పోతుంది’ అన్నారు. దెబ్బ తగిలిన తల మీద కొత్తగా గాట్లు పెట్టించుకోవడానికి నా బేగమ్ ఒప్పుకోలేదు. ఆ విషయంలో ఆమెతో వాదించే ధైర్యం దుల్హేభాయ్‌కు కూడా లేదు.

మామూది ఇంకో దారి. ఆయనకు యునానీ అంటే ప్రాణం. చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ దవాఖానా ఉంది కదా, చిన్నతనంలో ఆయన అబ్బాజాన్‌తో అక్కడికి వెళ్లేవారట. ఆయన అన్న ఒక మాట మాత్రం నాకు తర్వాత అక్కరకొచ్చింది. ‘చక్కర్ చక్కర్ అని ఊరికే అనకు బేటా. తిబ్‌లో రెండు ఉన్నాయి. సదర్ వేరే, దువార్ వేరే. లేచి నిలబడితే కళ్ల ముందు అంధేరా వస్తే సదర్. చుట్టూ ఉన్న వస్తువులు తిరిగినట్టుంటే దువార్. నీది ఏది?’ అని అడిగారు. పాత హకీమ్‌లకు ఈ ఫర్ఖ్ తెలుసన్నమాట. నబ్జ్ పట్టుకునే ముందే మాట పట్టుకునేవాళ్లు.

అక్యుపంక్చర్ మాట తెచ్చింది నా బేగమ్. ఆమె స్కూల్లో ఒక టీచరమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందట. నాకు నమ్మకం లేదు. చైనా సూదులు, అదేదో శక్తి ప్రవాహం, ఇదంతా ఆదివారం అనుబంధంలో సగం పేజీ నింపుకునే సరుకు అని నా లెక్క. వెళ్లే ముందు, అలవాటు కొద్దీ, దాని చరిత్ర తవ్వాను.

తవ్వితే మొదట దొరికింది మనకు తెలిసిన కథే. 1938లో జపాన్‌తో యుద్ధం చేస్తున్న చైనాకు సాయంగా మన దేశం నుంచి అయిదుగురు డాక్టర్ల బృందం వెళ్లింది. వాళ్లలో షోలాపూర్ నుంచి వెళ్లిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ 1942లో అక్కడే చనిపోయారు. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ ఆ కథ రాస్తే శాంతారామ్ 1946లో ‘డాక్టర్ కోట్నీస్ కీ అమర్ కహానీ’ తీశారు. మా అబ్బా ఆ సినిమా గురించి చెప్పేవారు. ఆ బృందంలోనే డాక్టర్ బిజయ్ కుమార్ బసు కూడా ఉన్నారు. ఆయన తిరిగొచ్చారు. తర్వాత 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి అక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. మన దేశంలో ఈ సూది వైద్యానికి పునాది అక్కడ పడింది. 1996లో బెంగాల్ దీనికోసం ప్రత్యేకంగా చట్టమే చేసింది. కేంద్రం 2003లో చికిత్సా విధానంగా గుర్తించింది.

ఇంకోటి మా బిరాదరీకి చెందిన కథ, అంటే జర్నలిస్టుల కథ. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్ పెకింగ్ వెళ్లినప్పుడు అపెండిసైటిస్ వచ్చింది. అక్కడే ఆపరేషన్ చేశారు. ఆ తర్వాతి రాత్రి కడుపు ఉబ్బి నొప్పి పెడితే మోచేతి దగ్గర, మోకాళ్ల కింద సూదులు గుచ్చారు. తగ్గిందని ఆయన తన పేపర్లో మొదటి పేజీలో రాశారు. ఆ వ్యాసంతోనే అమెరికాలో దీనికి గిరాకీ మొదలైంది. తమాషా ఏమిటంటే, మత్తు లేకుండా సూదులతోనే ఆయనకు ఆపరేషన్ చేశారని లోకం చెప్పుకుంది. ఆయన అలా రాయలేదు. మామూలు మత్తు ఇంజెక్షన్ ఇచ్చే చేశారని స్పష్టంగా రాశారు. సూదులు వచ్చింది తర్వాతే. ఒక కాపీ చేతులు మారితే ఏమవుతుందో డెస్కులో ఉన్న నాకు వేరే చెప్పాలా?

ఆ డాక్టరమ్మది చిన్న క్లినిక్. ముందు ఎంబీబీఎస్ చదివి ఆ తర్వాత అక్యుపంక్చర్ నేర్చుకున్నారట. వయసు అరవై పైనే. సిటింగ్‌కు 400 రూపాయలు. లోపలికి వెళ్లగానే సూదులు తీస్తారనుకున్నాను. నోట్‌బుక్ తీశారు.

‘ఏమవుతోంది?’

‘చక్కర్ వస్తోందమ్మా.’

‘చక్కర్ అంటే? నువ్వు తిరుగుతున్నట్టు ఉంటుందా, గది తిరుగుతున్నట్టు ఉంటుందా?’

ఆగిపోయాను. మూడు నెలల్లో మామూ తప్ప ఎవరూ ఈ మాట అడగలేదు.

‘గది.’

‘ఎంతసేపు?’

‘అర నిమిషం, అంతకన్నా కొంచెం ఎక్కువ. తర్వాత కడుపులో తిప్పుతుంది.’

‘ఏం చేస్తే వస్తుంది?’

మంచం, పై అర, బార్బర్ కుర్చీ, సజ్దా అన్నీ చెప్పాను. సజ్దా అంటే ఆమెకు అర్థమైంది. ‘నుదురు నేలకు ఆనించేటప్పుడా, లేచేటప్పుడా?’ అని అడిగారు. రెండుసార్లూ అన్నాను. చెవి వినబడటం తగ్గిందా, చెవిలో హోరు ఉందా, మాట తడబడుతోందా, చెయ్యి కాలు బలం తగ్గిందా, ఒకటి రెండుగా కనిపిస్తోందా అని ఒక్కొక్కటి అడిగి లేదని రాసుకున్నారు. అప్పుడు బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడివైపు తిప్పి, భుజాలు పట్టుకుని గబుక్కున వెనక్కి పడుకోబెట్టారు. తల బల్ల అంచు కిందికి కొంచెం వేలాడింది.

‘కళ్లు మూయకు. నన్నే చూడు.’

రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. తర్వాత ఖయామత్. ఆమె ముఖం గానుగలా తిరిగింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని అరిచాననుకుంటా. ఆమె మాత్రం నా కళ్లలోకి చూస్తూ సెకన్లు లెక్కపెడుతున్నారు. ఆగాక లేపి కూర్చోబెట్టి అన్నారు: ‘నీ కళ్లు ఎగిరెగిరి పడ్డాయి. ఇది నా సూదుల పని కాదు. చెవి డాక్టర్ పని. ముందు అక్కడికి వెళ్లు.’

ఫీజు తీసుకునే మనిషి ఇది నా పని కాదు అనడం నేను వినక చాలా కాలమైంది.

చెవి డాక్టర్ దగ్గర నాకు అర్థమైంది ఇది. మన చెవి లోపల, వినడానికి కాక, నిలబడటానికి ఒక యంత్రం ఉంది. మూడు సన్నని అర్ధవృత్తాల గొట్టాలు, వాటిలో నీళ్లలాంటి ద్రవం. తల తిరిగితే ద్రవం కదిలి మెదడుకు ఖబర్ చేరుతుంది. వాటి పక్కనే ఒక చిన్న సంచీలో జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ నలుసులు ఉంటాయి. కోడిగుడ్డు పెంకులో ఉండేది ఆ పదార్థమే. తలకు దెబ్బ తగిలితే ఆ నలుసులు ఊడి గొట్టంలోకి జారతాయి. అప్పుడు తల వంచినా వాల్చినా అవి దొర్లుతూ ద్రవాన్ని లాగుతాయి. తల ఆగినా మెదడుకు ఇంకా తిరుగుతున్నావనే అబద్ధపు ఖబర్ వెళ్తుంది. ఆ అబద్ధం వయసు ఒక నిమిషంలోపే. దీన్ని బీపీపీవీ అంటారు. స్కాన్‌లో కనిపించదు. అందుకే నా రిపోర్టులన్నీ నార్మల్.

నన్ను పడుకోబెట్టి కళ్లు చూశారే, ఆ పరీక్ష 1952 నాటిది. మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ అనే ఇద్దరు డాక్టర్లు వివరించారు. దాని ఇలాజ్ అమెరికాలో జాన్ ఎప్లీ అనే చెవి డాక్టర్ కనిపెట్టారు. 1992లో ప్రచురించారు. మందు లేదు, కత్తి లేదు. తలను ఒక వరసలో నాలుగు భంగిమల్లోకి తిప్పుతూ, ఒక్కోచోట అర నిమిషం నుంచి నిమిషం ఆపుతారు. నలుసులు గొట్టం వెంబడే దొర్లుకుంటూ తమ సంచీలోకి వాపస్ వెళ్లిపోతాయి. చిన్నప్పుడు మేం ఆడుకున్న, గోలీని దారుల్లోంచి గుంటలోకి దొర్లించే డబ్బా ఆటలాగే. దెబ్బ వల్ల వచ్చినది మామూలుగా వచ్చినదాని కంటే మొండి, ఒక్కసారితో పోకపోవచ్చని ముందే చెప్పారు. నాకు మూడుసార్లు చేయాల్సి వచ్చింది, వారానికొకటి చొప్పున.

మూడోసారి చేయించుకున్న మర్నాడు ఫజర్‌కు జానమాజ్ పరిచాను. గోడ పక్కన. భయం పోలేదు కదా. రుకూ బాగానే ఉంది. సజ్దాకు వెళ్లేముందు ఎడమ చెయ్యి గోడకు ఆనించాను. నుదురు నేలకు తాకింది. నేల కదల్లేదు. ఆ సజ్దా ఎంతసేపు చేశానో నాకు తెలియదు. వెనక బేగమ్ తస్బీహ్ ఆపేసి చూస్తోందని మాత్రం తెలుసు.

ఇక్కడికి కథ అయిపోతే సూదుల గురించి రాసేదేమీ ఉండకపోను. కానీ గిర్రున తిరగడం పోయాక ఇంకొకటి మిగిలింది. దాన్ని ఉర్దూలో చెప్పలేను, తెలుగులో చెప్పగలను. దిమ్ము. తల బరువుగా, దూది కుక్కినట్టు. నడుస్తుంటే నేల మెత్తగా, పరుపు మీద నడిచినట్టు. మెడ కర్రలా బిగుసుకుపోయింది. మూడు నెలలు తల కదపకూడదని భయపడుతూ బతికినవాడి మెడ ఇంకెలా ఉంటుంది? రాత్రి నిద్ర లేదు. చెవి డాక్టర్ కసరత్తులు నేర్పారు. బొటనవేలు కళ్ల ముందు పెట్టుకుని చూపు దాని మీదే నిలిపి తల అటూ ఇటూ తిప్పడం, ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి గోడ వెంట నడవడం. రోజుకు మూడుసార్లు. మెదడుకు మళ్లీ కొత్తగా తౌల్ నేర్పించడం అది. వాటితో పాటే డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాను. మెడకూ వికారానికీ నిద్రకూ తన సూది కొంత పనికిరావచ్చు, చూద్దాం అన్నారు. అంతకుమించి హామీ ఇవ్వలేదు.

ఎనిమిది సిటింగ్‌లు. సూదులు చూస్తే భయం సగం పోతుంది. మనకు ఇంజెక్షన్ చేసే సూది అర మిల్లీమీటర్ పైన మందం ఉంటే, ఇవి పావు మిల్లీమీటర్. లోపల బోలుగా ఉండవు, మందు ఏమీ పోదు. సీలు వేసిన ప్యాకెట్ మన ముందే చింపుతారు, పని అయ్యాక పారేస్తారు. అలా చింపని చోట కూర్చోవద్దు, లేచి వచ్చేయండి.

నాకు గుచ్చిన చోట్లు చెబుతాను. మణికట్టు లోపలి వైపు, మడత నుంచి మూడు వేళ్ల పైన, రెండు స్నాయువుల మధ్య. దీన్ని చైనీయులు ‘లోపలి ద్వారం’ అంటారట. వికారానికి. మెడ వెనక పుర్రె అంచు కింద రెండు గుంటలు, ‘గాలి కొలను’. మోకాలి కింద బయటి వైపు ఒకటి. నడినెత్తి మీద ఒకటి, దాని పేరు ‘వంద కలిసే చోటు’. చౌరస్తా అన్నమాట. గుచ్చేటప్పుడు దోమ కుట్టినంత. తర్వాత కొన్నిచోట్ల బరువుగా, లోపల ఎవరో బొటనవేలితో నొక్కినట్టు ఒక లాగుడు. అలా అనిపిస్తే చోటు సరిగ్గా దొరికినట్టని వాళ్ల లెక్క. ఇరవై నిమిషాలు కదలకుండా ఉండాలి. ఫోన్ బయట పెట్టాలి. నా ఉద్యోగంలో ఇరవై నిమిషాలు ఫోన్ లేకుండా ఉన్న రోజు నాకు గుర్తులేదు.

సూది వెనక వాళ్లు చెప్పేది ‘చీ’ అనే శక్తి, అది ప్రవహించే దారులు. వింటుంటే మన హకీమ్‌లు చెప్పే రూహ్, బల్గమ్, సఫ్రా, సౌదా గుర్తొచ్చాయి. ఒకప్పుడు మనుషులు శరీరం లోపల తెరిచి చూడలేని రోజుల్లో ప్రతి దేశం తన నక్షా తాను గీసుకుంది. ఆ నక్షాలో దారులు నిజంగా ఉన్నాయా అంటే, కోసి చూసినవాళ్లకు కనిపించలేదు. అలాగని సూది ఏమీ చేయదని కాదు.

చేసిందా మరి? నా వరకు చెబుతాను. వికారం మొదటి రోజే తగ్గింది. మణికట్టు దగ్గరి చోటు వాంతులకు, ముఖ్యంగా ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతులకు కొంత పనిచేస్తుందని పరీక్షల్లోనూ తేలింది. మెడ మూడో సిటింగ్‌కు వదులైంది. నిద్ర పట్టింది. దిమ్ము మెల్లగా, రెండు నెలల్లో పోయింది. అందులో కసరత్తు వాటా ఎంత, సూది వాటా ఎంత, రోజుల వాటా ఎంత అని విడదీయడం నా వల్ల కాదు. జర్మనీలో 1162 మంది నడుము నొప్పివాళ్ల మీద చేసిన ఒక పెద్ద పరీక్ష 2007లో వచ్చింది. సరైన చోట గుచ్చినవారిలో, ఉత్తుత్తిగా వేరే చోట పైపైన గుచ్చినవారిలో దాదాపు సమానంగా, సగానికి కొంచెం తక్కువ మందికి గుణం కనిపించింది. మామూలు మందులు, వ్యాయామంతో అయితే నాలుగో వంతు మందికి పైచిలుకు. అంటే సూదితో మేలు జరుగుతోంది, కానీ అది ఏ చోట గుచ్చారనేదాని వల్ల కాకపోవచ్చు. ఒక మనిషి మన మాట వినడం, మన మీద చేయి వేయడం, ఇరవై నిమిషాలు మనల్ని నిశ్శబ్దంగా పడుకోనివ్వడం, వీటిలోనూ షిఫా ఉందేమో. నాకు మాత్రం ఆ డాక్టరమ్మ చేసిన అసలు ఇలాజ్ మొదటి రోజు, సూది తీయకముందే జరిగింది.

ఇంట్లో మాత్రం పంచాయితీ తేలలేదు. అమ్మీ లెక్కలో నన్ను బాగుచేసింది సద్ఖా. బేగమ్ లెక్కలో దువా, చెవి డాక్టర్. మామూ మాత్రం ‘దువార్ అని నేను ముందే అన్నానా లేదా?’ అని ప్రతి దావత్‌లో పదిమందికి చెబుతారు. దుల్హేభాయ్ ఇప్పటికీ, రెండు కప్పులు పెట్టించి ఉంటే వారంలో పోయేదంటారు. ఎవరినీ కాదనను. నా కోసం గుడ్డు తిప్పిన చెయ్యి, నన్ను పడుకోబెట్టి కళ్లలోకి చూసిన చెయ్యి, రెండిటికీ నేను బాకీయే. కానీ మీరు అడిగితే, వరస మాత్రం చెబుతాను.

తలకు దెబ్బ తగిలినవాళ్లకు వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతూ పోయినా, మగతగా అయోమయంగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఒక పక్క చెయ్యి కాలు బలం తగ్గినా, ముక్కులోంచి చెవిలోంచి నీరో రక్తమో కారినా, సూదులూ కప్పులూ దమ్ పానీ ఏదీ కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. పెద్దవయసువాళ్లయితే దెబ్బ తగిలిన కొన్ని వారాలకు కూడా ఇలాంటివి రావచ్చు. అవేవీ లేక చక్కర్ ఒక్కటే ఉంటే, డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి. ఏది తిరుగుతోంది, గదా, తలా, లేక కళ్ల ముందు అంధేరానా? ఎంతసేపు? ఏం చేస్తే వస్తోంది? దాంతో పాటు ఇంకేం వస్తోంది? ఉర్దూలో రాసుకున్నా ఫర్వాలేదు, చదివి వినిపించండి. డాక్టర్ తొందరలో ఉన్నా వినేదాకా లేవకండి. గది తిరుగుతోందంటే ‘ఒకసారి పడుకోబెట్టి చూడండి’ అని అడగండి. రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతుంటే సూది గుచ్చేవాళ్లకు ముందే చెప్పండి.

పోయిన ఏడు మళ్లీ ఒకసారి వచ్చింది, ఎడమవైపు. ఈసారి మూడు నెలలు పట్టలేదు. రెండో రోజే చెవి డాక్టర్ బల్ల మీద ఉన్నాను. ఆయన ‘చెప్పండి’ అన్నారు. ‘గది తిరుగుతోంది. అర నిమిషం. ఎడమవైపు పడుకుంటే’ అన్నాను. ‘పడుకోండి’ అన్నారు. పావుగంటలో పనైపోయింది.

బండి ఎక్కడానికి మాత్రం ఆయన వారం ఆగమన్నారు. చిన్నది క్యాలెండర్ మీద పెన్సిల్‌తో ఏడు గీతలు గీసుకుంది. రోజుకొకటి కొట్టేస్తోంది.